దూడ తల వణికితే దిష్టి అనుకోకండి

వజ్రకరూరు చుట్టుపక్కల తొలకరి వాన పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో నేల మీదే చూపు నిలిపి వజ్రాల కోసం తిరుగుతారు. గులకరాళ్ళ మధ్య ఒక్క రాయిని గుర్తుపట్టే ఆ చూపులో సగమైనా మన కొట్టంలో పుట్టిన దూడ మీద పెడుతున్నామా? పెట్టడం లేదన్నదే ఈ వారం మా మాట.

అప్పుడప్పుడూ ఏదో ఒక ఇంట్లో ఇలాంటి దూడ పుడుతూనే ఉంటుంది. లేచి నిలబడలేదు. నిలబడినా కాళ్ళు ఎడంగా పెట్టి తూలుతుంది. పొదుగు దగ్గరికి పోతే తల గజగజా వణుకుతుంది. గోడకు గుద్దుకుంటుంది. లేదంటే మెడ వెనక్కు విరుచుకుని పడిపోతుంది. అప్పుడు మనమేం చేస్తాం? చూడి ఆవు గ్రహణం చూసిందంటాం. దిష్టి తగిలిందని దిగదుడుస్తాం. నుదుటి మీద వాత పెడతాం. రెండు రోజులు చూసి, "దాని రాత అంతే" అని చేని గట్టున వదిలేస్తాం. అక్కడితో కథ ముగిసిందనుకుంటాం.

ముగియదు. ఒక్క ఆవో, ఒక్క ఎనుమో ఉన్న ఇంట్లో దూడ పోతే ఆ ఈత పాలకే ఎసరు. నాటు ఆవు, ఎనుము దూడ లేనిదే సరిగ్గా చేపవు. తొమ్మిది పది నెలలు మేపిన మేత మట్టిపాలు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. కారణం తెలియకుండా పోయిన దూడ, వచ్చే ఈతలో మళ్ళీ అలాగే పుట్టవచ్చు.

రైతు సోదరులారా, పాడి చూసుకునే అక్కచెల్లెళ్ళారా! ఇలాంటి దూడల్లో కొన్ని కుదుటపడతాయి. కొన్ని ఎంత ఖర్చు పెట్టినా కుదుటపడవు. మరికొన్నింటిని ముందు జాగ్రత్తతో అసలు పుట్టకుండానే ఆపవచ్చు. ఏది ఏ రకమో తేల్చుకోవడమే రోగ నిర్ధారణ. ఆ పనంతా డాక్టరుదే అనుకోవద్దు. డాక్టరు వచ్చేసరికి దూడ పుట్టి గంటలో, రోజులో గడిచిపోతాయి. ఈనడం చూసింది మీరు. చూడితో ఉన్నప్పుడు ఏం మేపారో తెలిసింది మీకు. సగం నిర్ధారణ మీ నోటి మాటలోనే ఉంది.

మామూలు దూడ ఎలా ఉంటుంది?

తేడా పట్టాలంటే ముందు మామూలు తెలియాలి. ఆరోగ్యమైన దూడ పుట్టిన కాసేపటికే తల ఎత్తి, రొమ్ము మీద ఆనుకుని కూర్చుంటుంది. గంట, రెండు గంటల్లో లేచి నిలబడి పొదుగు వెతుక్కుంటుంది. ఎనుప దూడ కొంచెం ఆలస్యం చేసినా భయపడాల్సింది లేదు. కడుక్కున్న వేలు నోట్లో పెడితే గట్టిగా చప్పరించాలి. ఇవి జరగకపోతే గడియారం చూసి టైము గుర్తుపెట్టుకోండి. ఎన్ని గంటలకు ఈనింది, ఎన్ని గంటలకు లేచింది అన్నది డాక్టరు అడిగే మొదటి సంగతి.

మెదడు జబ్బులా కనిపించే ఆకలి

మాయ పడేదాకా దూడను పొదుగుకు వదలకూడదన్న నమ్మకం చాలా ఊళ్ళలో ఇంకా ఉంది. అది తప్పు. పుట్టి ఆరేడు గంటలైనా జున్నుపాలు తాగని దూడ ఒళ్ళు చల్లబడి, మెడ వాల్చి, పిలిచినా పలకకుండా పడి ఉంటుంది. చూసేవాళ్ళకు మెదడు జబ్బే అనిపిస్తుంది. అది ఉత్త ఆకలి, చలి. గోనెపట్టాతో ఒళ్ళు రుద్ది, వెచ్చగా కప్పి, గంటా రెండు గంటల లోపు జున్నుపాలు పట్టాలి. పాతిక కిలోల దూడకు మొదటి రోజు రెండున్నర లీటర్ల దాకా, రెండు మూడు విడతలుగా పట్టవచ్చు. చప్పరించలేని దూడకు బలవంతంగా గొంతులో పోయవద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డాక్టరు గొట్టంతో పోస్తారు.

ఈనడం కష్టమై, చాలాసేపు లాగితే బయటపడిన దూడ కూడా ఇలాగే మబ్బుగా ఉంటుంది. నాలుక ఉబ్బి ఉంటుంది. ఊపిరాడక మెదడు దెబ్బతిన్న దూడ ఇది. ఇలాంటివాటిలో పాలు పట్టి, ఓపిగ్గా చూసుకుంటే రోజుల్లో తేరుకునేవి ఉన్నాయి. వీటిని "పుట్టు లోపం" అని వదిలేస్తే బతికే దూడను మన చేతులతో మనమే చంపుకున్నట్లు.

పుట్టుకతోనా, తర్వాతనా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పుట్టిన క్షణం నుంచీ తూలుతూ, రోజులు గడిచినా ఎక్కువా తక్కువా కాకుండా ఉంటే కడుపులోనే మెదడు సరిగ్గా ఏర్పడలేదేమోనని అనుమానించాలి. రెండు మూడు రోజులు చెంగుచెంగున గంతులేసి, ఆ తర్వాత పడిపోతే అది చాలావరకు వేరే సంగతి. బొడ్డు తడిగా, వాచి, వేడిగా ఉందా? కీళ్ళు వాచాయా? జ్వరం ఉందా? బొడ్డులోంచి చీము విషం రక్తంలో కలిసి మెదడు పొరలకు ఎక్కితే దూడ మెడ విరుచుకుని, కాళ్ళు చాపి కొట్టుకుంటుంది. ఇది వైద్యానికి లొంగే జబ్బు, కానీ గంటలు లెక్క. అందుకే పుట్టగానే బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయమని చెప్పేది. వారం పదిరోజుల తర్వాత ఒళ్ళంతా కట్టెలా బిగుసుకుని, దవడ తెరవలేకపోతే ధనుర్వాతం కావచ్చు. వీటిలో వేటినీ వాత బాగు చేయదు. ఉన్న బాధకు పుండు తోడవుతుంది, అంతే.

ఒక జాగ్రత్త. తల్లి పశువును ఈ మధ్య కుక్క కరిచి ఉంటే, నరాల లక్షణాలున్న పశువు నోట్లో గానీ దూడ నోట్లో గానీ చేయి పెట్టవద్దు. ముందు డాక్టరుకు చెప్పండి.

కంటితో, చేతితో చేసే పరీక్ష

ఇప్పుడు దూడను కదలకుండా కాసేపు చూడండి. తర్వాత తల నుంచి తోక దాకా తడమండి.

తల: నుదురు బుర్రకాయలా ఉబ్బి ఉంటే మెదడులో నీరు చేరి ఉండవచ్చు. ఇలాంటి దూడ ఈనేటప్పుడే అడ్డం పడుతుంది. నలుగురు కలిసి తాడు కట్టి లాగితే ఆవుకే ప్రమాదం, డాక్టరును పిలవాలి. ఒక్కోసారి తల మామూలుగానే కనిపిస్తుంది, నీరు లోపల ఉంటుంది. దూడ చప్పరించదు, చూడదు, పలకదు.

వణుకు: ఊరకే పడుకుంటే బాగానే ఉండి, పొదుగు అందుకోబోతే తల ఊగుతుందా? కాళ్ళు ఎడంగా పెట్టి, అడుగు ఎత్తెత్తి వేసి, వెనక్కు పడుతుందా? అయినా ఒంట్లో బలముందా, చప్పరిస్తుందా, పలుకుతుందా? అయితే చిన్న మెదడు సరిగ్గా ఎదగలేదని అనుమానం. నడకలో తూకం చూసేది చిన్న మెదడే. ఇది మందులతో పెరగదు. లోపం తక్కువగా ఉన్న దూడ మాత్రం చేతిసాయంతో పాలు తాగి, ఆ తూలుడుకే అలవాటు పడి బతకవచ్చు.

కన్ను: వేలితో పొడవబోయినట్లు చూపి, రెప్ప కొట్టలేదని గుడ్డిదనుకోకండి. ఆ అలవాటు దూడకు పుట్టిన వెంటనే రాదు, కొన్ని రోజులు పడుతుంది. చీకటి కొట్టంలో టార్చిలైటు వేసి కంటిపాప చూడండి. వెలుగుకు పాప ముడుచుకుంటే కన్ను, కంటి నరం పనిచేస్తున్నాయన్న మాట. పాప ముడుచుకున్నా దూడ గోడకు గుద్దుకుంటే లోపం మెదడులో ఉందని అనుమానించాలి. పాప పెద్దగా తెరుచుకుని, ఎంత వెలుగు వేసినా కదలకపోతే కంటి నరమే దెబ్బతిని ఉండవచ్చు. ఈ చిన్న తేడా డాక్టరుకు పెద్ద ఆధారం.

వెన్ను: మెడ నుంచి తోక దాకా వేళ్ళతో తడమండి. నడుము మీద గుంటగానీ, గడ్డగానీ, పొర కప్పిన పుండులాంటిదిగానీ ఉండి, వెనక కాళ్ళు, తోక చచ్చుబడితే వెన్నుపూస మూసుకోకుండా పుట్టిందన్న మాట.

కాళ్ళు: గిట్టలు వెనక్కు మడిచి పుట్టిన దూడ కాలిని చేత్తో మెల్లగా చాపి చూడండి. చాచితే వస్తే నరాలు బిగిసిన కాలు. బద్దలు కట్టి, నడిపిస్తే సరవుతుంది. ఎంత చాపినా రాకుండా కీలు గట్టిపడి ఉంటే అది కడుపులో మెదడు, వెన్నుపాము దెబ్బతిన్నందువల్ల కూడా కావచ్చు. చేతికి లొంగని కీలును బలవంతంగా వంచితే ఎముక విరుగుతుంది.

మన నేల కారణం: ఎండుమేత

ఈ లోపాలన్నిటిలో మన అనంతపురం మెట్ట రైతు ఎక్కువగా ఆలోచించాల్సింది విటమిన్ 'ఎ' గురించి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన. హంద్రీ-నీవా కాలువ నీళ్ళు కొన్ని చేలకు అందినా, చిన్న రైతు కొట్టంలో ఏడాదిలో సగం రోజులు శెనక్కట్టె, జొన్నచొప్ప, వరిగడ్డే. ఎండలో తెల్లబారి, వామిలో నెలల తరబడి ఉన్న మేతలో పశువు శరీరం విటమిన్ 'ఎ'గా మార్చుకునే పచ్చరంగు సరుకు దాదాపు మిగలదు.

ఆవు తన కాలేయంలో కొంత నిలవ పెట్టుకుంటుంది. కొన్ని నెలలు దాంతో నెట్టుకొస్తుంది. జూన్‌లో ఈనే ఆవును లెక్కవేయండి. కడుపులో దూడ బాగా పెరిగే చివరి నెలలన్నీ ఎండుమేత నెలలే. వరసగా రెండేళ్ళు కరువైతే నిలవ పూర్తిగా ఖాళీ. అప్పుడు పుట్టే దూడకు కపాలంలో కంటి నరం వెళ్ళే ఎముక దారి ఇరుకై, నరం నలిగిపోతుంది. మెదడు చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి పెరుగుతుంది. దూడ గుడ్డిగా పుడుతుంది, లేదంటే బలహీనంగా పుట్టి ఫిట్స్ వచ్చి పడిపోతుంది. కంటిపాప పెద్దగా తెరుచుకుని కదలని దూడ అని పైన చెప్పామే, అలాంటప్పుడు ముందుగా అడగాల్సింది దీని గురించే.

తల్లిని చూస్తే ఆనవాలు దొరుకుతుంది. సందె వేళ ఇల్లు చేరేటప్పుడు రాళ్ళకు, గుంజలకు తట్టుకుంటోందా? అది రేచీకటి. మాయ పడకపోవడం, నెలలు నిండకముందే ఈసుకుపోవడం కూడా జరుగుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. నరం నలిగి పోయిన చూపు సూదితో తిరిగి రాదు. కానీ తల్లికి, కొట్టంలోని మిగతా చూడి పశువులకు డాక్టరు విటమిన్ 'ఎ' సూది వేస్తే తర్వాతి దూడలు దక్కుతాయి. ఒక గుడ్డి దూడ కారణం తేలితే నాలుగు దూడల చూపు నిలబడుతుందని మేం అనేది అందుకే.

దీనికి పెద్ద ఖర్చు లేదు. బోరు తొట్టి దగ్గర, కడుగునీళ్ళు పారే చోట రెండు మూడు సెంట్లలో పచ్చగడ్డి పెంచండి. గట్ల మీద అవిసె, మునగ, సుబాబుల్ నాటండి. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు మించవద్దు. శెనక్కట్టెను ఆకు రాలకుండా, రంగు పోకుండా త్వరగా ఆరబెట్టి, వాన, ఎండ తగలకుండా వామి వేయండి. ఉన్న పచ్చమేత కొంచెమే అయితే అందరికీ పంచవద్దు. చివరి మూడు నెలల చూడి పశువుకు ముందు పెట్టండి. ఇంట్లో నిండు చూలాలికి పెట్టినట్లే.

ఎద్దు సంగతి కూడా అడగాలి

రెండో పెద్ద కారణం వంశం. ఊరంతటికీ ఒకే దున్నపోతు, ఒకే ఆబోతు ఏళ్ళ తరబడి ఉంటే అది తన కూతుళ్ళనే దాటుతుంది. దాగి ఉన్న లోపాలు ఇలాంటప్పుడే బయటపడతాయి. మూడేళ్ళకోసారి ఆబోతును వేరే ఊరికి మార్చుకోవడం మంచిది.

సంకర జాతి ఆవులకు మరో ముచ్చట. హెచ్‌ఎఫ్ జాతిలో సిట్రులినీమియా అనే వంశపారంపర్య జబ్బు ఉంది. ఇది పైన చెప్పిన "పుట్టుకతోనా, తర్వాతనా" అన్న సూత్రానికి లొంగదు. దూడ మామూలుగా పుడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పాలు మానేసి, దిక్కులేకుండా తిరిగి, గోడకు తల ఆనించి, ఫిట్స్ వచ్చి వారం లోపు చనిపోతుంది. ఒంట్లో విషమయ్యే అమ్మోనియా బయటికి పోక మెదడుకు ఎక్కడమే కారణం. తల్లి, తండ్రి ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటేనే దూడకు జబ్బు వస్తుంది. అప్పుడైనా నాలుగింట ఒకటికి. ఆస్ట్రేలియాలో 1980లలో ఈ జబ్బు బయటపడింది. దిగుమతైన ఒక ఆబోతు వీర్యం విరివిగా వాడడమే అక్కడ అది వ్యాపించడానికి దారి తీసింది. మన దేశంలో వీర్య కేంద్రాల్లోని ఆబోతులకు ఇలాంటి జబ్బుల పరీక్ష జరగాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల్లో ఉంది. ఊళ్ళో తిరిగే ఆబోతుకు ఆ పరీక్ష లేదు.

అందుకే సూది వేయించేటప్పుడు వీర్యపు గొట్టం మీద రాసి ఉన్న ఆబోతు నంబరు అడిగి, తేదీతో సహా రాసి పెట్టుకోండి. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉన్నారు గదా, వాళ్ళతో రాయించండి. ఒకే నంబరుతో పుట్టిన రెండు దూడలు ఒకే రకంగా తూలితే ఆ నంబరే సాక్ష్యం.

కడుపులో సోకే వైరస్

చూడి ఆవుకు రెండు రోజులు జ్వరం వచ్చి పోతుంది, మనం మరచిపోతాం. కొన్ని వైరస్‌లు తల్లిని పెద్దగా బాధించకుండా కడుపులోని దూడ మెదడును తినేస్తాయి. బీవీడీ అనే పారుడు వ్యాధి వైరస్ మూడో నెల దాటాక, ఆరో నెల లోపు సోకితే చిన్న మెదడు ఎదగదు. ఈ వైరస్ మన దేశపు పశువుల్లో ఉందని భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించారు. జపాన్‌లో 1959లో అకబానే అనే పల్లెలో దోమల నుంచి ఒక వైరస్‌ను వేరు చేశారు. 1972-75 మధ్య ఆ దేశంలో నలభై వేలకు పైగా చూడి పశువులు ఈసుకుపోవడమో, వంకర కాళ్ళతో, మెదడు లేని దూడలు పుట్టడమో జరిగింది. కారణం ఆ అకబానే వైరసే. ఐరోపాలో 2011లో జర్మనీలో ష్మాలెన్‌బర్గ్ అనే వైరస్ ఇలాగే బయటపడింది. రెంటినీ మోసేవి రక్తం పీల్చే చిన్న ఈగలు.

ఈ కథ ఎందుకు చెబుతున్నామంటే, నలభై వేలు అన్న లెక్క ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఊరూరా పాడి రైతులు చెప్పారు, ఎవరో రాశారు. చేని గట్టున వదిలేసిన దూడ లెక్కలోకి రాదు. లెక్కలో లేని జబ్బుకు టీకా రాదు, మందు రాదు, అధికారి రాడు.

చెప్పాలి, రాయాలి

మన పశువుల చెవికి పన్నెండంకెల ట్యాగు ఉంది. టీకా వేస్తే రాస్తున్నారు, సూది వేస్తే రాస్తున్నారు. దూడ లోపంతో పుడితే ఆ సంగతి కూడా తల్లి ట్యాగు నంబరు మీద, ఆబోతు నంబరుతో కలిపి రాయాలన్నది మా కోరిక. మండలంలో ఏటా ఇలాంటివి ఎన్ని పుట్టాయో పశుసంవర్ధక శాఖ గ్రామసభలో చదివి వినిపించాలి. కరువు మండలాల్లో పచ్చమేత విత్తనం, విటమిన్ సూదులు చూడి పశువులకే ముందు అందాలి. ఇవి అడగడానికి మనకు హక్కుంది. అయితే అడగాలంటే ముందు మనం చెప్పి ఉండాలి.

తేడాగా దూడ పుడితే రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి గానీ, పశువైద్యశాలకు గానీ, 1962 నంబరుకు గానీ అదే రోజు చెప్పండి. డాక్టరుకు ఈ అయిదు సంగతులు సిద్ధంగా ఉంచండి:

1. ఏ టైముకు ఈనింది, కష్టమైందా, జున్నుపాలు ఎప్పుడు తాగింది.
2. తేడా పుట్టగానే కనిపించిందా, ఎన్నో రోజున మొదలైంది, పెరుగుతోందా.
3. చూడి నెలల్లో తల్లికి ఏ మేత, పచ్చది ఎన్నాళ్ళు లేదు, సందె వేళ తట్టుకుంటోందా.
4. తల్లికి జ్వరం వచ్చిందా, ఏ నెలలో. నట్టల మందు గానీ మరే మందు గానీ ఎప్పుడు పట్టారు. చూడి మొదటి నెలల్లో ఆల్బెండజోల్ వంటి మందు డాక్టరును అడగకుండా పట్టరాదు.
5. ఆబోతు నంబరు, లేదా ఏ ఊరి ఆబోతు. ఇంతకు ముందు ఈతలో, పక్కింటి కొట్టంలో ఇలాంటిది పుట్టిందా.

దూడ చనిపోతే వెంటనే పూడ్చకండి. డాక్టరుకు ఫోను చేసి, నీడలో ఉంచండి. ఆయన అవసరమనుకుంటే కోసి చూస్తారు, జిల్లా కేంద్రంలోని వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు నమూనా పంపిస్తారు. మెదడు వేసవి ఎండకు గంటల్లో చెడిపోతుంది, ఆలస్యమైతే ఏమీ తేలదు. బతకదని డాక్టరు తేల్చి చెప్పిన దూడ మీద అప్పు చేసి సూదులు వేయించకండి. దాన్ని ఆకలితో గట్టున వదలనూ వదలకండి. బాధ లేకుండా ముగిసే దారి గురించి ఆయననే అడగండి.

డాక్టరు ప్రతిసారీ కారణం చెప్పగలుగుతారని మేం అనడం లేదు. కానీ అయిదు ప్రశ్నలకు జవాబున్న రైతుకు తేలేది, జవాబు లేని రైతుకు తేలదు. మీ కొట్టంలో ఇప్పుడు చూడి పశువు ఉంటే, అది ఏ నెలలో ఉందో, ఏ ఆబోతుదో, పచ్చమేత ఎన్నాళ్ళకు సరిపోతుందో ఈ రాత్రే ఒక కాగితం మీద రాసి, పాసుపుస్తకంలో పెట్టుకోండి.